అచ్చు ఇచ్చిందెంత, కాలం తీసుకుందెంత

(ఈస్ట్ ఇండియా కంపెనీ కాలం నాటి కాసులు, టోకెన్లు కొత్తగా సేకరిస్తున్నవాళ్ల కోసం చేసిన ప్రసంగం. చాలావరకు మాట్లాడినట్టే రాసి ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక వరుసల్లోకి వినపడుతోందా? సరే.

ముందు ఒక చిన్న పని. రెండు నాణేలు అటు కొస నుంచి పంపిస్తున్నాను. కవర్లోంచి తియ్యొద్దు. రెండూ 1808 నాటి పది కాసుల నాణేలే. ఒక వైపు కంపెనీ వారి సింహాలు, రెండో వైపు పారసీ అక్షరాలు, వాటి కింద రోమన్ పది అంకె, దాని పక్కన క్యాష్ అన్న మాట. మీ చేతిలో ఉన్న చీటీ మీద 'ఒకటి', 'రెండు' అని రాసుకుని, ఏది మంచి స్థితిలో ఉందో, ఎందుకో ఒక్క మాటలో రాయండి. పక్కవాళ్లది చూసి రాయొద్దు, ఇదేం పరీక్ష కాదు. చివర్లో మళ్లీ ఆ రెండిటి దగ్గరికే వస్తాను.

చీటీలు తిరిగే లోపల లెక్క ఒకటి చెబుతాను. మనం రోజూ 'చేతిలో డబ్బు లేదు', 'చిల్లి కాసు లేదు' అంటుంటాం. డబ్బు అనేది ఒకప్పుడు ఒక నాణెం పేరు. ఇంగ్లీషువాళ్లు దాన్ని 'డబ్' అని రాసుకున్నారు. కాసు కూడా నాణెం పేరే. కంపెనీవాళ్ల క్యాష్ మన వైపు కాసే. మద్రాసు లెక్కలో 80 కాసులు ఒక ఫణం, 42 ఫణాలు ఒక వరహా. అంటే ఒక వరహాకి 3,360 కాసులు. ఇరవై కాసుల నాణేలైతే 168 లెక్కపెట్టి ఇస్తే ఒక వరహా. 1818లో రూపాయి ప్రమాణం వచ్చాక వరహాకి మూడున్నర రూపాయలన్నారు. ఈ లెక్క నోటికి రాకపోయినా పర్వాలేదు. కానీ నాణెం మీద ఉన్న అంకెకి అర్థం ఏమిటో తెలియకుండా దాని వెరైటీ, అంటే అదే నాణెంలో అచ్చు తేడా, వెతకడం, ఊరు తెలియకుండా ఇంటి నంబరు వెతకడం లాంటిది.

ఇక టోకెను సంగతి. సర్కారు చెల్లుబాటుకి పూచీపడితే నాణెం. ఒక పనికో, ఒక చోటుకో, ఒక యజమాని దగ్గరికో మాత్రమే చెల్లితే టోకెను. మన దేశంలో వలస కాలపు టోకెన్లలో నాకు బాగా ఇష్టమైనది పాట్నా పోస్ట్ బిళ్ల. 1774లో, వారెన్ హేస్టింగ్స్ కాలంలో, టపా ఖర్చు ముందే కట్టడానికి రాగితో ఒక అణా, రెండు అణాల బిళ్లలు చేశారు. ఒక వైపు ఇంగ్లీషులో పాట్నా పోస్ట్ అని, రెండో వైపు పారసీలో అజీమాబాద్ డాక్ అని ఉంటుంది. తపాలా బిళ్ల పుట్టడానికి అరవై ఏళ్లకు పైగా ముందే టపా ఖర్చును బిళ్లగా మార్చేశారన్నమాట. అసలుది దొరకడం చాలా అరుదు. 'నా దగ్గర రెండున్నాయి' అని ఎవరైనా అంటే, ముందు కుర్చీ వేసి కూర్చోబెట్టి, ఆ తర్వాత భూతద్దం తీయండి.

అస్సాం, సిల్హెట్ తేయాకు తోటల టోకెన్లు ఇంకో పెద్ద కుటుంబం. రోజు పని పూర్తిచేసినవాళ్లకి ఫుల్ హాజిరీ, సగం చేసినవాళ్లకి హాఫ్ హాజిరీ. చదువు రానివాళ్లు కూడా పోల్చుకోవాలి కాబట్టి ఒకటి గుండ్రం, ఒకటి మూడు కోణాలు, ఒకటి ఎనిమిది పలకలు, కొన్నిటికి మధ్యలో రంధ్రం. ఆ రంధ్రంతో గ్రేడు కట్టేటప్పుడు, అంటే ఏ స్థితిలో ఉందో తేల్చేటప్పుడు, చిక్కు వస్తుంది. తయారీలోనే కొట్టిన రంధ్రమైతే అది డిజైన్‌లో భాగం, దానికి ఏమీ తగ్గించనక్కర్లేదు. తర్వాత ఎవరో తాడు కట్టుకోవడానికి పొడిచిందైతే అది దెబ్బ. తేడా ఎలా తెలుస్తుందంటే, తయారీ రంధ్రం అంచు రెండు వైపులా ఒకే తీరుగా ఉంటుంది, చుట్టూ రాసిన అక్షరాలు దానికి చోటు వదిలి నడుస్తాయి. మేకుతో పొడిచినదైతే ఒక వైపు గుంట, రెండో వైపు గట్టు. వేలు పెట్టి తడిమినా తెలుస్తుంది.

ఇప్పుడు మీలో సగం మంది ఇక్కడికి ఏ నాణెం పట్టుకుని వచ్చారో నాకు తెలుసు. రాముడు, సీత, లక్ష్మణుడు, హనుమంతుడు ఒక వైపు. రెండో వైపు ఈస్ట్ ఇండియా కంపెనీ, 1818, ఒక అణా. (నవ్వులు) నవ్వకండి, నేనూ కొన్నాను. రామటంకాలు అనే పూజా బిళ్లలు నిజంగానే పాతకాలం నుంచీ ఉన్నాయి. దేవుడి గదిలో పెట్టుకోవడానికే చేసినవి అవి, బజారులో చెల్లేవి కావు. వాటి మీద కంపెనీ పేరు ఉండదు. కంపెనీ పేరూ దేవుళ్లూ కలిపి, 1616 అనీ 1717 అనీ 1818 అనీ తోచిన తేదీలు వేసి అమ్ముతున్నవి మొన్నటి సరుకు. ఒక అణా అనే నాణెం మన దేశంలో మామూలు చలామణీకి వచ్చింది ఇరవయ్యో శతాబ్దం మొదట్లో, ఏడో ఎడ్వర్డ్ కాలంలో. నికెల్ కలిసిన తెల్లటి లోహం, అంచు అలలు అలలుగా. 1818లో కంపెనీ రాగి ఒక అణా ఎక్కడిది?

అలాగని 'కంపెనీ నాణెం మీద దేవుడుంటే నకిలీయే' అనే సూత్రం పెట్టుకోకండి. అదీ తప్పే. మద్రాసు టంకశాల వరహాల మీద విష్ణుమూర్తి ఉన్నాడు, గుడి గోపురం ఉంది. మూడు స్వాముల వరహా అని పిలిచేదాని మీద స్వామి ఇద్దరు దేవేరులతో ఉంటాడు. దక్షిణాదిలో జనం నమ్మే నాణెం కావాలంటే జనం ఎరిగిన బొమ్మ ఉండాలని వ్యాపారికి తెలుసు. గోపురం వరహాల మీద ఇంగ్లీషు, పారసీ ఒక వైపు, తమిళం, తెలుగు రెండో వైపు కనిపిస్తాయి. రెండు వందల ఏళ్ల నాటి లోహం మీద మన అక్షరం చదువుతుంటే వచ్చే ఆనందం వేరు. మొదటిసారి 'అర' అన్న మాట చదివి గట్టిగా అరిచాను, పక్క గదిలో మా ఆవిడ చెయ్యి కాల్చుకున్నాననుకుని పరుగెత్తుకొచ్చింది.

గుర్తుపట్టడం ఎక్కడ మొదలుపెట్టాలి? 'ఇది ఎవరిది' అన్న దగ్గర. తేదీని ముందు నమ్మకండి, ముద్రను నమ్మండి. కంపెనీ రాగిలో చాలావాటి మీద హృదయం ఆకారంలో ఒక గుర్తు ఉంటుంది. సరుకు మూటల మీద వేసే ముద్ర అది. లోపల గళ్లలో వి, ఇ, ఐ, సి అక్షరాలు, నెత్తిమీద నాలుగు అంకె లాంటి గీత. మొదటి అక్షరం యు బదులు వి ఎందుకంటే, ఆ రోజుల్లో యునైటెడ్‌ని అలా చెక్కేవాళ్లు. వి, ఓ, సి మాత్రమే ఒకదానిలో ఒకటి పెనవేసుకుని ఉంటే అది డచ్ కంపెనీది. మచిలీపట్నంలో, పాలకొల్లులో డచ్‌వాళ్ల వర్తకం నడిచింది కాబట్టి ఆ రాగి బిళ్లలు మన వైపు ఇప్పటికీ బయటపడుతుంటాయి. ఈ రెండిటినీ కలిపి ఒకే డబ్బాలో వేసి 'కంపెనీ నాణేలు' అని చీటీ అంటించినవాళ్లను చాలామందిని చూశాను. ఏ కంపెనీయో కూడా చెప్పాలి కదా.

మన ప్రాంతానికి నేరుగా సంబంధించిన రాగి ఒకటుంది. 1794, 1797 తేదీలతో వచ్చిన రూపాయికి 48, రూపాయికి 96 నాణేలు. విలువ నాణెం మీదే ఇంగ్లీషులో రాసి ఉంటుంది. ఉత్తర సర్కారుల కోసం, అంటే అటు గంజాం నుంచి ఇటు గుంటూరు దాకా ఉన్న జిల్లాల కోసం, బర్మింగ్‌హామ్‌లో మాథ్యూ బౌల్టన్ సోహో టంకశాలలో ఆవిరి యంత్రాల మీద కొట్టించారు. తర్వాత 1803, 1808 కాసులు కూడా అక్కడివే. అందుకే వీటి గుండ్రదనం, అంచు, అక్షరాల ఎత్తు అంత తీరుగా ఉంటాయి. అదే కాలంలో చేత్తో సుత్తి దెబ్బ కొట్టి చేసిన రాగి డబ్బు పక్కన పెడితే, ఒకటి కంపాస్‌తో గీసినట్టు, ఇంకోటి దోసె పోసినట్టు ఉంటుంది. గ్రేడు విషయంలో ఈ రెండిటినీ ఒకే తక్కెడలో తూచకూడదు. చేత్తో కొట్టినదాని మీద సగం అక్షరాలే పడితే అది దాని పుట్టుక. సోహో నాణెం మీద సగం అక్షరాలే కనిపిస్తే అది దాని అనుభవం.

ఇప్పుడు అసలు పిచ్చి దగ్గరికొద్దాం, వెరైటీలు. డిజైనే మారితే అది వేరే రకం. డిజైన్ అదే, కానీ అచ్చు, అంటే బొమ్మ చెక్కిన దిమ్మ, వేరు, చెక్కిన చెయ్యి వేరు అయితే అది వెరైటీ. నాణెం టంకశాల గడప దాటాక దానికి జరిగిందేదైనా ప్రమాదం. ప్రమాదానికి వెరైటీ అని పేరు పెట్టొద్దు. మూడే మాటలు, కానీ ఇవి ఒంటబట్టడానికి నాకు పదేళ్లు పట్టింది.

ఒక ఉదాహరణ. 1835లో దేశమంతటికీ ఒకే తీరు నాణేలన్నారు. నాలుగో విలియం బొమ్మతో రూపాయి వచ్చింది. దాని మీద నాలుగు అంకెను రోమన్‌లో మనం బడిలో నేర్చుకున్నట్టు రాయలేదు, నాలుగు నిలువు గీతలు పక్కపక్కన గీశారు. చూసినవాళ్లంతా 'ఎర్రర్ నాణెం దొరికింది' అని ఫోన్ చేస్తారు. బాబూ, ఆ రూపాయిలన్నీ అంతే. అది ఎర్రర్ కాదు, వెరైటీ కూడా కాదు. వెరైటీ కావాలంటే రాజుగారి మెడ కోసిన చోట, భుజం దగ్గర చూడండి. అక్కడ కొన్నిటి మీద ఎఫ్ అనే అక్షరం, కొన్నిటి మీద ఆర్, ఎస్ అక్షరాలు, కొన్నిటి మీద ఏమీ ఉండవు. ఎఫ్ అంటే కలకత్తా టంకశాల అధికారి ఫోర్బ్స్, ఆర్.ఎస్. అంటే రాబర్ట్ సాండర్స్. నువ్వుగింజంత అక్షరం. మెడ దగ్గర అరిగిపోయిన నాణెం మీద అది కనబడకపోతే 'అక్షరం లేని వెరైటీ' అని రాసేయకండి. లేకపోవడం వేరు, మిగలకపోవడం వేరు. చుట్టుపక్కల లోహం పదునుగా ఉండి, అక్షరం ఉండాల్సిన చోటు మాత్రం నున్నగా ఉంటేనే 'లేదు' అని రాయండి.

1840 విక్టోరియా రూపాయిది ఇంకో కథ. ఆ తేదీని అలాగే ఉంచి రెండు దశాబ్దాల పాటు కొట్టుకుంటూ పోయారు. తేదీ 1840 అని ఉంది కాబట్టి 1840లోనే కొట్టారని కాదు. ముందు కొట్టినవాటి మీద రాణి పేరు తల మీదుగా ఒకే వరుసలో సాగుతుంది. తర్వాతవాటి మీద తలకి అటు విక్టోరియా, ఇటు క్వీన్ అని రెండు ముక్కలైంది. వెనక ఆకుల దండలో చిన్న చిన్న కాయలుంటాయి. రెండు ముక్కల రకంలో 28 కాయలవి ఉన్నాయి, 34వి ఉన్నాయి, 35వి ఉన్నాయి. టంకశాలలు వేరు, అచ్చులు వేరు. అందుకే మావాళ్లు రాత్రిపూట దీపం కింద కూర్చుని కాయలు లెక్కపెడుతుంటారు. ఇంట్లోవాళ్లు ఏమనుకుంటారన్నది వేరే ప్రసంగం.

కొన్నేళ్ల కిందట నాకు 36 కాయల రూపాయి దొరికింది. అవును, ముప్పై ఆరు. మూడుసార్లు లెక్కపెట్టాను, కుడి నుంచి, ఎడమ నుంచి, ఫోటో తీసి ప్రింటు మీద పెన్సిల్‌తో. రెండు రాత్రులు నిద్ర లేదు. వ్యాసం కూడా మొదలుపెట్టాను. మూడో రోజు ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్తే ఆయన ఏమీ మాట్లాడకుండా, దూదికి కొంచెం అసిటోన్ తడిపి దండ మీద ఒత్తి పట్టుకున్నారు. దూది తీస్తే ముప్పై ఆరో కాయ దూదికి అంటుకుని వచ్చేసింది. ఎవరో పాత కవరుకు వాడిన జిగురు, మట్టి పట్టి గట్టిపడింది. 'ఇప్పుడు లెక్కపెట్టు నాయనా' అన్నారు. ముప్పై అయిదు. అప్పటి నుంచి కొత్త వెరైటీ అనిపించగానే రెండో నాణెం మీద కూడా అదే చూసేదాకా నోరు మెదపను. ఒకే అచ్చుతో కొట్టిన నాణేలన్నిటి మీదా ఆ గుర్తు అదే చోట, అదే ఆకారంలో ఉండి తీరాలి. ఒకదాని మీదే ఉంటే, నూటికి తొంభై సార్లు అది దెబ్బో, మురికో.

చుక్కల విషయం త్వరగా చెప్పేస్తాను. 1862 తేదీ రూపాయి కూడా ఇలాగే 1874 దాకా అదే తేదీతో నడిచింది. ఏ ఏడాదిదో తెలియడానికి తేదీకి పైనా కిందా చిన్న చుక్కలు పెట్టారు. రాగి వైపు, కంపెనీ పాలన ముగిసిన 1858 తేదీ పావు అణా మీద దండ పై కొసన ఒక ఆకు ఉన్నవి, రెండు ఆకులు ఉన్నవి వేరు వేరు. 1835 పావు అణాని కలకత్తా, బొంబాయి, మద్రాసు మూడు చోట్లా కొట్టారు. టంకశాల పేరు ఎక్కడా ఉండదు. సింహాల ఒళ్లు, అక్షరాల లావు, దండ ఆకులు, వీటిని బట్టే వేరు చేయాలి. ఇవి మాటల్లో వివరిస్తే ఎక్కవు, నాణేలు పక్కపక్కన పెట్టుకుని చూడాల్సిందే. టీ తర్వాత బల్ల దగ్గర చూపిస్తాను.

ఒకటి మాత్రం మాటల్లోనే చెప్పాలి, అంత అందమైన సంగతి. మద్రాసు అర వరహా వెండిది. స్పెయిన్ వాళ్ల డాలర్ల మీదే నేరుగా మన అచ్చు వేసి కొట్టినవి వాటిలో చాలా ఉన్నాయి. దీపం వెలుగు ఏటవాలుగా పడేటట్టు పట్టుకుంటే గోపురం పక్కన ఉండకూడని అక్షరాలు రెండు మూడు తేలతాయి. ఒకదాని మీద నాకు విష్ణుమూర్తి చుట్టూ ఉన్న చుక్కల మధ్య స్పెయిన్ రాజు ముక్కు, పై పెదవి కనిపించాయి. కొత్తవాళ్లు దీన్ని చూసి గీతలు పడ్డ నాణెం అని గ్రేడు తగ్గించేస్తారు. అది గీత కాదు, పాత జన్మ. అచ్చు పడేముందే ఉన్నది కాబట్టి దానికి ఏమీ తగ్గించకూడదు.

అక్కడి నుంచి గ్రేడులోకి దిగుదాం. గ్రేడు కట్టడమంటే నా దృష్టిలో ఒకటే ప్రశ్న. ఈ నాణేనికి అచ్చు ఎంత ఇచ్చింది, అందులో కాలం ఎంత తీసుకుంది? అచ్చు ఇవ్వనిదాన్ని కాలం తీసుకుందని లెక్క రాయొద్దు.

పది కాసుల నాణెం తీసుకోండి. రెండు సింహాలు అటూ ఇటూ నిలబడి జెండాలు పట్టుకుని ఉంటాయి, మధ్యలో డాలు, దాని మూలన ఇంకో బుల్లి డాలు, కింద రిబ్బను. ఆ రిబ్బను మీద లాటిన్ మాటలు, ఇంగ్లండ్ రాజు, పార్లమెంటు అండతో అని అర్థం. చేతులు మారినప్పుడు ముందు అరిగేవి ఎత్తుగా ఉన్నవే. సింహం జూలు, తొడ, బుల్లి డాలులోని గళ్లు. అవి పోయాక రిబ్బను అక్షరాలు. ఆ తర్వాత సింహాలు వట్టి నీడలవుతాయి. చివరికి అంచు కూడా అక్షరాల్లోకి దిగుతుంది. ఈ వరుసనే బజారు భాషలో పైనుంచి కిందికి యు.ఎన్.సి. (అన్‌సర్క్యులేటెడ్, చేతులు మారనిది), ఎ.యు. (దాదాపు అలాంటిదే), ఎక్స్.ఎఫ్. (ఎక్స్‌ట్రీమ్లీ ఫైన్), వి.ఎఫ్. (వెరీ ఫైన్), ఫైన్, వి.జి. (వెరీ గుడ్), గుడ్ అంటాం. 'గుడ్' అంటే మంచిదని మోసపోకండి. నాణేల భాషలో గుడ్ అంటే దాదాపు పోయిందని. ఈ పేర్ల పక్కనే అంకెగా వేసే 70 పాయింట్ల స్కేలు విలియం షెల్డన్ అనే అమెరికన్ 1949లో వాళ్ల పాత రాగి సెంట్ల కోసం కట్టింది. మన సుత్తి దెబ్బ డబ్బు మీద దాన్ని మక్కీకి మక్కీ దించితే నాకు నవ్వొస్తుంది. కానీ మార్కెట్టు దాన్నే అడుగుతోంది, ఏం చేస్తాం.

సరిగా పడని అచ్చుకీ అరుగుదలకీ తేడా ఎలా పట్టాలి? మూడు చోట్ల చూడండి. సింహం జూలు చప్పగా ఉంటే, నాణెం తిప్పి సరిగ్గా దాని వెనక భాగం చూడండి. అక్కడా చప్పగా ఉంటే ఒత్తిడి చాలకపోయి ఉండొచ్చు. తర్వాత, ఆ చప్ప భాగం ఉపరితలం చూడండి. వేళ్లు అరగదీసినదైతే నున్నగా, గుమ్మం రాయిలా మెరుస్తుంది. అచ్చు పడనిదైతే రాగి బిళ్ల తాలూకు గరుకు ఇంకా అలాగే ఉంటుంది. చివరగా, చుట్టూ ఉన్న అక్షరాల గోడలు. గోడలు నిటారుగా ఉండి జూలు మాత్రమే లేకపోతే కాలాన్ని నిందించకండి. దీపం ఎప్పుడూ పక్కనుంచే రావాలి. నెత్తిమీద ట్యూబులైటు కింద కట్టిన గ్రేడు మర్నాడు పొద్దున కిటికీ దగ్గర మారిపోతుంది.

ఇప్పుడు నా పాపం ఒకటి ఒప్పుకుంటాను. సేకరణ మొదలుపెట్టిన కొత్తలో రూపాయికి 96 నాణెం ఒకటి, 1797ది, సంతలో పాత ఇత్తడి సామాన్ల మధ్య దొరికింది. గోధుమ రంగు తిరిగి, చాక్లెట్ ముక్కలా ఉంది. ఆ రంగు రెండు వందల ఏళ్ల గాలి, చెయ్యి, గుడ్డసంచి కలిసి వేసిన పూత అని నాకేం తెలుసు? ఇంటికి తెచ్చి చింతపండు, ఉప్పు పెట్టి పూజ చెంబు తోమినట్టు తోమాను. తళతళలాడింది. గులాబీ రంగు రాగి, పచ్చిపుండులా. పది రోజులకి ముదురు మచ్చలు పడింది, సందుల్లో చిలుము పట్టింది. అక్షరాలన్నీ ఉన్నాయి, అరుగుదల పెద్దగా లేదు. కానీ ఇప్పుడు దానికి గ్రేడు రాయాలంటే 'వి.ఎఫ్. వివరాలు, తోమినది' అని రాయాలి, అంటే బొమ్మ వి.ఎఫ్. మెట్టులో మిగిలింది, కానీ దెబ్బతిన్నది అని. ఆ రెండో మాటతో విలువ పోతుంది. పొరపాటు చేసినవాడిని నేనే కాబట్టి దాన్ని అమ్మలేదు, పారేయలేదు. డబ్బాలో మొదటి గడిలో పెట్టుకున్నాను.

రాగికి చేయగలిగింది చాలా తక్కువ. మట్టి ఉంటే డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టండి, రోజుకోసారి నీళ్లు మార్చండి. జిగురు, జిడ్డు ఉంటే అసిటోన్, కిటికీ తెరిచి, పొయ్యికి దూరంగా. పాలిష్ పొడులు, నిమ్మకాయ, సోడా ఏవీ వద్దు. ముదురాకుపచ్చ రంగులో గట్టిగా అంటుకుపోయిన చిలుముని చాలావరకు అలా వదిలేయొచ్చు. లేతాకుపచ్చ పొడిలా రాలుతూ పెరిగే చిలుము వేరు. అది లోపలికి తినేస్తుంది, దాన్ని మిగతా నాణేల నుంచి ముందు వేరు చేయండి.

మన ఇళ్లలో ఇంకో దెబ్బ మామూలు, కొండీ వేయించడం. కాసులపేరు కోసం వెండి రూపాయిలకు, వరహాలకు పైన కొండీ అతికించేవాళ్లు. తర్వాత అవసరానికి కొండీ ఊడదీసి అంచు సాపు చేస్తారు. మీకు అమ్మేటప్పుడు ఆ సంగతి చెప్పరు. రాణి తల పై భాగాన, పన్నెండు గంటల దగ్గర అంచు చూడండి. అక్కడ గాడులు మాసి ఉన్నా, రంగు వేరుగా ఉన్నా, అతుకు వేసిన లోహం పలుచగా పాకి ఉన్నా కొండీ ఉండేది. అమ్మమ్మ మెడలో ఉన్న నాణెం అని ఇంట్లో దాచుకోవడానికి అది ఎంతో గొప్పది. వి.ఎఫ్. అని బిల్లు రాసి అమ్మడానికి మాత్రం కాదు.

పనిముట్లు పెద్దగా అక్కర్లేదు. పదింతలు చూపే భూతద్దం, బంగారం తూచే చిన్న డిజిటల్ కాటా, కొలిచే కాలిపరు. ఇరవై కాసుల నాణెం దాదాపు 9.3 గ్రాములు, పది కాసులది అందులో సగం. పావు అణా 100 గ్రెయిన్లు, అంటే 6.48 గ్రాములు. అరిగితే కొంచెం తగ్గుతుంది, కానీ పెరగదు. బరువు ఎక్కువ చూపిస్తే ఆలోచించండి. అంచు చుట్టూ సన్నటి అతుకు గీత, అక్షరాల మధ్య బుడగ గుంటలు కనిపిస్తే అచ్చు కొట్టింది కాదు, పోతపోసింది.

అయిస్కాంతం అన్నాను కాబట్టి... అనలేదా? సరే ఇప్పుడంటాను. (నవ్వులు) బియ్యం గింజలను లాగే నాణెం అని, లోపల ఇరిడియం ఉందని, విదేశాల్లో కోట్లకు కొంటారని చెప్పేవాళ్లు ఇప్పటికీ తిరుగుతున్నారు. రైస్ పుల్లింగ్ మోసం. రాగి గింజల్ని లాగదు. మనుషుల్ని మాత్రం లాగుతుంది. నా దగ్గరికి ఒక రిటైరైన మాస్టారు వచ్చారు, చేతిలో ఆ 1818 రాముడి బిళ్ల. 'టెస్టింగ్ ఫీజు' కింద ఎంత కట్టారో నేను ఇక్కడ చెప్పను, ఆయనకి తెలిస్తే బాధపడతారు. మీ ఇంట్లో పెద్దవాళ్లకు ఈ ఒక్క సంగతి మాత్రం చెప్పండి.

చట్టం కూడా ఒక్క ముక్క. వందేళ్లు దాటిన నాణెం 1972 పురావస్తు చట్టం లెక్కలో పురావస్తువే, మీ ఇష్టానికి దేశం దాటించకూడదు. పొలంలో దొరికిన కుండ అయితే 1878 ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం, విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు చెప్పాలి. ఆ పది రూపాయలు 1878 నాటి పది రూపాయలు. ఇవాళ ఏ కుండైనా దాటుతుంది.

చీటీలు వచ్చాయా? ఇటివ్వండి. ఒకటి, ఒకటి, ఒకటి... రెండు... ఒకటి. మెజారిటీ ఒకటో నాణేనికే. కారణం 'సింహాలు స్పష్టంగా ఉన్నాయి' అని రాశారు. ఒకరు మాత్రం 'ఒకటో దాని చర్మం బాగా లేదు' అని రాశారు. ఎవరండీ? ఆ మూల అమ్మాయా? బాగా చూశావమ్మా.

ఒకటో నాణెం సముద్రంలోంచి వచ్చింది. అడ్మిరల్ గార్డ్‌నర్ అని కంపెనీ ఓడ, లండన్ నుంచి మద్రాసుకి కొత్త కాసులు నింపుకుని బయలుదేరింది. 1809 జనవరిలో ఇంగ్లండ్ తీరం దాటకుండానే గుడ్విన్ శాండ్స్ ఇసుక తిన్నెల దగ్గర మునిగిపోయింది. 1980ల్లో ఆ సరుకు పైకి తీశారు. అందుకే 1808 పది, ఇరవై కాసులు ఈ రోజుకీ పదునైన సింహాలతో, తక్కువ ధరకే దొరుకుతాయి. పీపాల్లో నడిమధ్య ఉండి బతికిపోయినవి దాదాపు కొత్తవే. మీ చేతిలోది బయటి వైపు ఉన్నది. భూతద్దం పెట్టండి. జూలు ఉంది, బుల్లి డాలు గళ్లు ఉన్నాయి, రిబ్బను చదవొచ్చు. కానీ ఉపరితలమంతా సూది గుచ్చినట్టు చిన్న గుంటలు, మశూచి మచ్చల్లా. నేనైతే 'ఎక్స్.ఎఫ్. వివరాలు, ఉప్పునీటి తుప్పు' అని రాస్తాను. రెండు మాటలూ రాయాలి. మొదటి మాట మాత్రమే రాసి అమ్మితే అది మోసం.

రెండోది గుంటూరు వైపు నుంచి వచ్చింది. సింహాలు నీడలు. తేదీలో ఎనిమిది కనిపిస్తోంది, సున్నా ఊహించుకోవాలి. వి.జి., అంతకు మించి ఒక్క మెట్టు కూడా ఇవ్వను. కానీ తోమలేదు, గీకలేదు, రంధ్రం లేదు, రంగు చెక్కు చెదరలేదు.

ఏమిటమ్మా? 'మీరైతే ఏది ఉంచుకుంటారు' అనా? రెండోదే. ఒకటోది ఏనాడూ మద్రాసు రేవు చూడలేదు, దాంతో ఎవరూ పిడికెడు ఉప్పు కూడా కొనలేదు. ధర మాత్రం ఒకటోదానికే ఎక్కువ పలుకుతుంది. ఇక్కడ అమ్మేవాళ్లెవరైనా ఉంటే నా మాట విని రేట్లు మార్చకండి. (నవ్వులు)

సరే, టీ వచ్చినట్టుంది. బల్ల మీద పావు అణాలు పరిచాను, మూడు టంకశాలలవీ కలిపేశాను కావాలనే. గ్లాసులు ఆ బల్ల మీద పెట్టకండి. నాణేన్ని అంచు మాత్రమే పట్టుకోండి.